షట్‌డౌన్‌కి ముందు, తనిఖీకి ముందు: గామా రేడియోగ్రఫీ కాంట్రాక్టర్లకు జాగ్రత్తలు

విశాఖ రిఫైనరీ అయినా, రామగుండం బాయిలర్ అయినా, షట్‌డౌన్ (మరమ్మతులకి ప్లాంటు ఆపడం) మొదలైతే రేడియోగ్రఫీ పని, అంటే గామా కిరణాలతో వెల్డింగ్ అతుకుల్ని ఫిల్ము తీయడం, రాత్రిపూటకే పడుతుంది. వెల్డర్లు దిగిపోయాక లోపలికి వెళ్లి, పొద్దున షిఫ్ట్ వచ్చేలోగా ఫిల్ములు చేతికివ్వాలి. తప్పులు జరిగేది ఈ తొందరలోనే. అణుశక్తి నియంత్రణ సంస్థ ఏఈఆర్‌బీ ఇన్‌స్పెక్టర్లు ముందు చెప్పకుండా సైట్‌కి వస్తే వచ్చేదీ ఇలాంటి రాత్రే కావచ్చు. తనిఖీ కబురు వచ్చాక ఫైళ్లు సర్దుకుందాంలే అనుకునేవాళ్లు ఎక్కడో ఒకచోట దొరికిపోతారు. రిజిస్టర్‌లో రాసిన పని కెమెరా (రేడియోధార్మిక సోర్స్‌ని ఉంచే కవచపు పెట్టె) దగ్గర నిలబడిన మనిషి నిజంగా చేస్తున్నాడా అన్నదే వాళ్లు చూస్తారు. కాబట్టి సైట్ నుంచే మొదలుపెట్టండి.

సర్వే మీటర్

అన్నిటికన్నా ముందు రేడియేషన్‌ని కొలిచే ఈ మీటరే. కాలిబ్రేషన్ సర్టిఫికెట్ మీది సీరియల్ నంబరు, మీటర్ మీది నంబరు ఒకటేనా, గడువు దాటలేదు కదా చూడండి. రెండు మూడు సైట్లు నడిపే కాంట్రాక్టర్ల దగ్గర మీటర్లు ఒకచోటివి ఇంకోచోటికి మారిపోయి, కాగితం మాత్రం పాత ఫైల్లోనే ఉండిపోతుంది. ప్రతి రాత్రీ పనికి ముందు బ్యాటరీ చెక్ చేసి, తాళం వేసిన కెమెరాకి ఎప్పుడూ ఒకే చోట మీటర్ ఆనించి రీడింగ్ రాయండి. కెమెరాలోని సోర్స్ ఇరిడియం-192 అర్ధాయువు (యాక్టివిటీ సగానికి తగ్గే కాలం) సుమారు 74 రోజులు. అంటే ఆ అంకె కూడా రెండున్నర నెలల్లో దాదాపు సగానికి దిగాలి. మూడు నెలలపాటు ఒకే అంకె ఉన్న లాగ్‌బుక్ చూస్తే, మీటర్ పెట్టకుండా రాశారని ఎవరైనా పట్టేస్తారు. పోర్టబుల్ కెమెరా పూర్తి సామర్థ్యంతో ఉన్నా, ఒక మీటరు దూరంలో రేడియేషన్ మోతాదు గంటకు 0.02 మిల్లీసీవర్ట్‌కి మించకూడదు, ఉపరితలం మీద 2 మిల్లీసీవర్ట్‌లకి మించకూడదు. ఇది ఐఎస్ఓ 3999 ప్రమాణం.

మీటర్‌ని దూరంలోనే ఆన్ చేసి, చూసుకుంటూ దగ్గరకి నడవాలి. కొన్ని జీఎం (గైగర్-ముల్లర్) ట్యూబ్ మీటర్లు మరీ ఎక్కువ రేడియేషన్‌లో చేతులెత్తేసి సున్నా చూపిస్తాయి. ముల్లు ఎక్కుతూ ఎక్కుతూ ఉన్నట్టుండి పడిపోయిందంటే, అది వెనక్కి అడుగు వేయమని అర్థం.

సోర్స్ ఎందుకు వెనక్కి రాదు

ఎక్కువగా ఇబ్బంది పెట్టేది, క్రాంక్ తిప్పి సోర్స్‌ని నడిపే డ్రైవ్ కేబుల్‌కీ సోర్స్ పిగ్‌టెయిల్‌కీ (సోర్స్ బిగించి ఉన్న పొట్టి తీగ) మధ్య కనెక్షన్. చీకట్లో, గ్లవ్స్‌తో, హడావిడిగా తగిలిస్తే కొక్కెం సగమే కూర్చుంటుంది. క్రాంక్ తిప్పితే కేబుల్ సోర్స్‌ని ముందుకి నెడుతుంది, దానికి అడ్డేమీ ఉండదు. వెనక్కి లాగేటప్పుడు మాత్రం కొక్కెం ఊడి, కేబుల్ ఒక్కటే వస్తుంది. క్రాంక్ చుట్లు సరిపోతాయి, చేతికి తేడా తెలియదు, సోర్స్ మాత్రం అది బయటికి నడిచే గొట్టం, గైడ్ ట్యూబ్, చివర్లో ఉండిపోతుంది. ఈ తేడా చెప్పగలిగేది సర్వే మీటర్ ఒక్కటే. అందుకే ప్రతి ఎక్స్‌పోజర్ తర్వాతా, పదో షాట్ అయినా యాభయ్యో షాట్ అయినా, ముందు కెమెరా దగ్గర, తర్వాత గైడ్ ట్యూబ్ పొడవునా చివరి దాకా మీటర్ పెట్టి చూడాలి. ట్యూబ్ విప్పడం, ఫిల్ము మార్చడం ఆ తర్వాతే.

షట్‌డౌన్‌కి ముందే కనెక్టర్ల అరుగుదలని, హద్దు దాటిందో లేదో చెప్పే నో-గో గేజ్‌తో పరీక్షించండి. డ్రైవ్ కేబుల్‌ని పూర్తిగా బయటికి లాగి గుడ్డతో తుడవండి. తుప్పు గాని, విడిపోయిన పోగు గాని వేలికి తగిలితే ఆ కేబుల్ పక్కన పెట్టేయడమే. గైడ్ ట్యూబ్ మీద పైపు పడి నొక్కుకుపోయిన చోటు బయటికి చిన్న సొట్టలాగే ఉంటుంది, లోపల సోర్స్ ఇరుక్కోవడానికి అదే చాలు. అలాంటి ట్యూబ్‌ని సుత్తితో సరిచేసి వాడటం క్షమించరాని పని.

ఇరుక్కుంటే ఏం చేయాలో సైట్‌లో ఉన్న ప్రతి ఒక్కరూ చెప్పగలగాలి. ఇన్‌స్పెక్టర్ ట్రైనీనే అడగవచ్చు. ముందు వెనక్కి తగ్గాలి, కార్డన్ (జనం రాకుండా తాడు కట్టిన హద్దు) పెంచాలి, కాపలా వదలకుండా రేడియేషన్ భద్రతాధికారి ఆర్‌ఎస్‌ఓకి ఫోన్ చేయాలి. సోర్స్‌ని తిరిగి తేవడం ఆర్‌ఎస్‌ఓ ఆధ్వర్యంలో, ముందు రిహార్సల్ చేసుకున్నాకే. ఏఈఆర్‌బీకి వెంటనే కబురు పంపాలి. పొడవాటి టాంగ్స్, సీసం షీట్లు లేదా సీసం గుళ్ల సంచులు, ఎమర్జెన్సీ సీసం పాత్ర, అదనపు సర్వే మీటర్, టార్చిలైటు సైట్‌లోనే ఉండాలి. ఊళ్లో ఆఫీసు గోడౌన్‌లో ఉన్న కిట్ లేనట్టే లెక్క.

చేత్తో మాత్రం ముట్టుకోకూడదు. 30 క్యూరీల (యాక్టివిటీ కొలమానం) ఇరిడియం నుంచి ఒక సెంటీమీటరు దూరంలో సెకనుకు సుమారు 0.4 సీవర్ట్ పడుతుంది. చర్మం కందిపోయే మోతాదు పది సెకన్లలోపే అందుతుంది. 1999 ఫిబ్రవరిలో పెరూలోని యనాంగో జలవిద్యుత్ కేంద్రంలో ఒక వెల్డర్, కింద పడి ఉన్న ఇరిడియం సోర్స్‌ని అదేమిటో తెలియక ప్యాంటు వెనక జేబులో వేసుకున్నాడు. ఆయన కాలు తీసేయాల్సి వచ్చింది. ఆ రాత్రి ఫిల్ములు కడిగి, అవి ఎక్స్‌పోజ్ కాలేదని చూశాకే కెమెరాలో ఏదో తేడా ఉందని తెలిసింది. మీటర్ పెట్టి ఉంటే చాలా ముందే తెలిసేది.

కార్డన్

30 క్యూరీలకి కొలిమేటర్ (కిరణాన్ని ఒక వైపుకే వదిలే కవచం) లేకపోతే మీటరు దూరంలో గంటకు దాదాపు 145 మిల్లీసీవర్ట్‌లు. అది గంటకు 10 మైక్రోసీవర్ట్‌లకి దిగాలంటే 120 మీటర్లు వెళ్లాలి. ఏ ప్లాంటులోనూ అంత ఖాళీ దొరకదు. కాబట్టి టంగ్‌స్టన్ కొలిమేటర్ పెట్టి, కిరణాన్ని నేల వైపుకో మందపాటి గోడ వైపుకో తిప్పాలి. కార్డన్ లెక్క కాగితంలో ఆ రోజుటి యాక్టివిటీ, గంటకి ఎన్ని షాట్లు, ఒక్కో షాట్ ఎంతసేపు అన్నవి ఉండాలి. తాడు కట్టాక సోర్స్ బయట ఉండగా ఆ తాడు దగ్గరే మీటర్ పెట్టి, లెక్క నిజమో కాదో చూసి రాయాలి.

బాయిలర్ దగ్గర నేల మీద తాడు కడితే సరిపోదు. గ్రేటింగ్ ప్లాట్‌ఫారాలు రేడియేషన్‌ని ఆపవు. పై రెండంతస్తుల్లో ఇన్సులేషన్ పని చేసేవాళ్లు, కింద కునుకు తీస్తున్న కాపలాదారు అందరూ కార్డన్‌లో ఉన్నట్టే. మెట్ల దారులు మూయించండి. బోర్డులు తెలుగు, ఇంగ్లీషులో మాత్రమే పెడితే చాలదు. షట్‌డౌన్‌లో ఒడిశా, బీహార్ కూలీలు ఎక్కువ కాబట్టి ఒడియా, హిందీలోనూ ఉండాలి.

మనుషులు, బ్యాడ్జీలు

క్రాంక్ పట్టుకునేది సర్టిఫికెట్ ఉన్న రేడియోగ్రాఫరే. జాయింట్లు మిగిలిపోతున్నాయని హెల్పర్ చేతికిచ్చారంటే, ఆ సంస్థ మొత్తం ఆ ఒక్క దృశ్యంతోనే ఇరుక్కుంటుంది. ఆర్‌ఎస్‌ఓ ఉద్యోగం మానేస్తే కొత్త ఆర్‌ఎస్‌ఓకి ఆమోదం వెంటనే తెచ్చుకోవాలి. మానేసినాయన పేరు మీద నెలల తరబడి పని నడపడం చిన్న లోపం కాదు.

ఒంటికి తగిలిన డోసుని కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి ఛాతీ మీదే ఉండాలి. దాన్ని కెమెరా పెట్టె మీదో వ్యాన్‌లోనో వదిలేస్తే మూడు నెలల తర్వాత లేనిపోని డోసు రిపోర్టు వచ్చి విచారణ మొదలవుతుంది. డోసు ఎక్కువ కనబడుతుందని ఆఫీసులో దాచేస్తే అసలు డోసు తెలియకుండా పోయేది ఆ మనిషికే, ఇది ఇంకా ఘోరం. పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. పోలిక కోసం ఉంచే కంట్రోల్ బ్యాడ్జిని సోర్స్ గదికి దూరంగా ఉంచండి. పాకెట్ డోసిమీటర్ రీడింగులు రోజూ రాసుకుంటే, టీఎల్‌డీ రిపోర్టుతో పోల్చుకోవచ్చు.

కాగితాలు, సోర్స్ గది

ఏఈఆర్‌బీ ఆన్‌లైన్ లైసెన్సింగ్ వ్యవస్థ ఈ-లోరాలో చూపిన సైట్‌లోనే కెమెరా ఉందా, రిజిస్టర్‌లో బయటికి తీసిన సమయం, లోపల పెట్టిన సమయం, సంతకం ఉన్నాయా చూసుకోండి. గదికి తాళం, తాళం చెవి ఎవరి దగ్గర ఉందో రాత, రాత్రి కాపలా ఉండాలి. బస్సులోనో రైల్లోనో కెమెరా తీసుకెళ్లడం ఏ పరిస్థితిలోనూ కుదరదు.

అరిగిపోయిన సోర్సుల్ని గదిలో మూల పడేయకండి. ఒక్క క్యూరీ మిగిలినా మీటరు దూరంలో గంటకు దాదాపు 4.8 మిల్లీసీవర్ట్‌లు. అంటే సామాన్య పౌరుడి ఏడాది పరిమితి, 1 మిల్లీసీవర్ట్, పన్నెండు పదమూడు నిమిషాల్లో పూర్తవుతుంది. షట్‌డౌన్‌కి కొత్త సోర్స్ ఆర్డర్ పెట్టేటప్పుడే పాతదాన్ని సరఫరాదారుకి తిప్పి పంపే కాగితాలు కూడా మొదలుపెట్టండి.