తిరుపతి నగరం యాత్రికుల రద్దీని తట్టుకోవాలంటే

రద్దీ గురించి ఎక్కడ చర్చ జరిగినా మొదట వచ్చే ప్రశ్న ఎంతమంది వస్తున్నారన్నదే. తిరుపతి విషయంలో ఆ ప్రశ్నతో మొదలుపెడితే పని ముందుకు సాగదు. తిరుమలలో మామూలు రోజుల్లో 60 వేల నుంచి 80 వేల మంది వరకూ స్వామివారి దర్శనం చేసుకుంటారు. కొండ కింద నగరంలో నివసించేవారు 2011 జనాభా లెక్కల ప్రకారం మూడు లక్షలకు కొంచెం తక్కువ. వచ్చేవారి సంఖ్యను తగ్గించే అధికారం నగరపాలక సంస్థకు లేదు, ఏ భక్తుణ్ణీ రావద్దనడం న్యాయమూ కాదు. అయితే వచ్చినవారు తమ వంతు ఎప్పుడో తెలియక ఈ వీధుల్లో ఎన్ని గంటలు గడుపుతున్నారన్నది మాత్రం మార్చగలిగిన విషయం. అందువల్ల వార్డు సంఘాలైనా, అధికారులైనా, లాడ్జీల యజమానులైనా తలలను కాక గంటలను లెక్కపెట్టడం నేర్చుకోవాలి.

ఒక రోజు 20 వేల మంది దర్శనం వేళ తెలిపే టోకెన్ లేకుండా దిగి, ఒక్కొక్కరు సగటున పది గంటలు ఊళ్లో వేచి ఉన్నారనుకుందాం. అవి రెండు లక్షల గంటలు. అదే 20 వేల మంది తమ సమయం ముందే తెలుసుకుని వచ్చి, మూడేసి గంటలు మాత్రమే కొండ కింద గడిపితే 60 వేల గంటలవుతాయి. మనుషుల్లో ఒక్కరు కూడా తగ్గలేదు. కానీ మరుగుదొడ్లు, మంచినీళ్లు, పేవ్‌మెంట్లు, చెత్తబండ్ల మీద భారం మూడో వంతుకు దిగింది.

కాబట్టి మొదటి పని కొలవడం. రైల్వేస్టేషన్‌లో, ఆర్టీసీ బస్టాండులో, అలిపిరి తనిఖీ కేంద్రంలో, టోకెన్ కేంద్రాల్లో గంట గంటకూ ఎంతమంది వచ్చారో, ఎంతమంది కదిలారో కనీసం రెండు వారాలపాటు ఒకే పట్టికలో రాయాలి. ఆ రెండు వారాల్లో శని ఆదివారాలు, ఒక సెలవుదినం, కొన్ని మామూలు రోజులు కలిసి ఉండాలి. రైల్వే, ఆర్టీసీ, పోలీసు, దేవస్థానం ఎవరి లెక్క వారు రాసుకుంటే సరిపోదు. వాటిని ఒకచోట పెట్టి చూసినప్పుడే రాత్రి రైళ్లలో దిగిన జనం తెల్లవారేదాకా ఎక్కడ ఆగిపోతున్నారో తెలుస్తుంది. అంకెలతో తృప్తిపడకుండా ఆ వేళకు వెళ్లి కళ్లారా చూడాలి కూడా. స్టేషన్ ఎదుట దేవస్థానం వసతిగృహమైన విష్ణునివాసం పరిసరాల్లో తెల్లవారుజామున నిలబడితే, దుప్పటి సగం పరుచుకుని సగం పిల్లల మీద కప్పిన కుటుంబాలు, సంచి తాడును మణికట్టుకు చుట్టుకుని కూర్చునే నిద్రపోతున్న పెద్దవాళ్లు, మరుగుదొడ్డి ఎక్కడుందని ఆటోడ్రైవరును అడుగుతున్న తల్లులు కనబడతారు. ఏ పథకమైనా ఈ మనుషుల అవసరం నుంచి పుట్టాలి.

రెండో పని నిరీక్షణను ఊరి వీధుల్లోంచి యాత్రికుడి ఇంటికి మార్చడం. అన్నిటికంటే ఫలితమిచ్చేది ఇదే. మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు నెలల ముందే ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి గనుక ఆ టికెట్ ఉన్నవారు తేదీ, వేళ చూసుకుని బయలుదేరుతారు. శ్రీనివాసం, విష్ణునివాసం, భూదేవి కాంప్లెక్స్ వంటి చోట్ల ఉచిత సర్వదర్శనం టోకెన్ల కోసం వచ్చేవారు మాత్రం చేతికి టోకెన్ అందేదాకా తమ గతి ఏమిటో తెలియక నిలబడతారు. డబ్బు పెట్టగలిగినవారికి సమయం తెలియడం, పెట్టలేనివారికి తెలియకపోవడం నాకు బాధ కలిగించే విషయం. ఉచిత టోకెన్లలో గణనీయమైన భాగాన్ని గ్రామ, వార్డు సచివాలయాలు, మీసేవ కేంద్రాల ద్వారా ముందుగానే ఇవ్వాలని నగర ప్రతినిధులు దేవస్థానాన్ని కోరాలి. స్మార్ట్‌ఫోన్ లేని రైతుకూలీ కూడా తన ఊళ్లోనే తేదీ, వేళ తెలుసుకుని బయలుదేరగలగాలి.

నేరుగా ఇచ్చే టోకెన్లు ఎన్ని మిగిలినా, వాటిని ఇచ్చే పద్ధతిలో ప్రాణాలకు సంబంధించిన జాగ్రత్త ఉంది. 2025 జనవరి 8న వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం నగరంలో గుమికూడిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు మరణించారు. టోకెన్లు ఇవ్వవలసింది మరునాటి తెల్లవారుజామున, జనం చేరుకున్నది ముందురోజే. పరిమితమైన వస్తువును ఫలానా గంటకు ఇస్తామని ప్రకటిస్తే ఆ గంటకు చాలా ముందే జనం చేరతారు. అందుకని ప్రకటించిన వేళకోసం ఆగకుండా, వరుస ఏర్పడగానే వచ్చినవారికి వచ్చినట్టు వరుస సంఖ్య ఉన్న చీటీ ఇచ్చి, మళ్లీ ఎన్నింటికి రావాలో దానిమీద రాసి పంపేయాలి. జనాన్ని ఒక మూసిన గేటు వెనక ఎన్నడూ పోగుచేయకూడదు. లోపలికి దారి, బయటికి దారి వేరుగా ఉండాలి, వరుస మధ్యలోంచి స్పృహ తప్పినవారిని తీసుకుపోవడానికి పక్కదారులు ఉండాలి, గేటు తెరిచే ముందు ఎందుకు తెరుస్తున్నారో మైకులో తెలుగుతోపాటు తమిళం, కన్నడం, హిందీలలో కూడా చెప్పాలి. టోకెన్లు అయిపోతే ఆ మాట వెంటనే స్టేషన్‌లో, బస్టాండులో, నగరంలోకి వచ్చే రోడ్ల మీద తెరలపై కనబడాలి. తెలిసిన చేదువార్త జనాన్ని కదిలిస్తుంది, తెలియని ఆశ వాళ్లను అక్కడే నిలబెడుతుంది.

వాహనాల విషయం సూటిగానే చెప్పవచ్చు. రేణిగుంట, చంద్రగిరి, కరకంబాడి రోడ్ల వైపు నగరం అంచుల్లోనే కార్లను, అద్దెబస్సులను ఆపి, అక్కడినుంచి కొండకు నేరుగా బస్సులు నడపాలి. శ్రీనివాస సేతు వంతెన నగరం మీదుగా వెళ్లే వాహనాలకు ఊరటనిచ్చింది గానీ, కింద వీధుల్లో పార్కింగ్ వెతుక్కుంటూ తిరిగే కార్లను ఏ వంతెనా తగ్గించలేదు. గోవిందరాజస్వామి ఆలయం చుట్టూ ఉన్న వీధులను ఉదయం, సాయంత్రం కొన్ని గంటలపాటు నడిచేవారికే వదిలితే దుకాణాలకూ మేలే.

చెత్త దగ్గర ఒక చిక్కు ఉంది. తిరుమలలో ప్లాస్టిక్ నీళ్ల సీసాలను నిషేధించారు, గాజు సీసాలు, జలప్రసాదం కుళాయిలు వచ్చాయి. కొండమీద అది మంచి ఫలితమే ఇచ్చింది. కానీ అలిపిరి తనిఖీలో బయటపడిన సీసా ఎక్కడికీ పోదు, నగరం చెత్తలోనే చేరుతుంది. కాబట్టి నిషేధం కొండకు మాత్రమే పరిమితమైతే భారం కిందికి జరుగుతుంది. స్టేషన్, బస్టాండు, అలిపిరి మధ్య దారంతా మంచినీటి కుళాయిలు పెట్టి, సీసా కొనే అవసరమే లేకుండా చేయడం, లాడ్జీలు గదుల్లో స్టీలు జగ్గులు పెట్టడం ఇందుకు మార్గం.

వచ్చేవారి మీద ప్రవేశ రుసుము విధించాలన్న సలహా తరచుగా వినిపిస్తుంది, ఇటలీలోని వెనిస్‌ను ఉదాహరణగా చూపిస్తారు. ఆ నగరం 2024 ఏప్రిల్ 25 నుంచి, ఎంపిక చేసిన రోజుల్లో, రాత్రి బస చేయకుండా వచ్చిపోయేవారి దగ్గర ఐదు యూరోలు తీసుకోవడం మొదలుపెట్టి, మరుసటి ఏడాది ఆలస్యంగా నమోదు చేసుకునేవారికి దాన్ని పది యూరోలు చేసింది. తీర్థయాత్రకు వచ్చే పేదవారి దగ్గర ప్రవేశ రుసుము తీసుకోవడాన్ని నేను ఒప్పుకోను. వెనిస్ నుంచి తీసుకోదగినది వేరే ఉంది: వచ్చేవారు ముందుగా నమోదు చేసుకోవడం వల్ల ఏ రోజు ఎంతమంది వస్తారో నగరానికి ముందే ఒక అంచనా దొరుకుతుంది. ఆ నమోదును ఉచితంగానే పెట్టవచ్చు. పారిశుద్ధ్యానికి కావలసిన డబ్బును ఖరీదైన గదుల మీద చిన్న సుంకంగా వసూలు చేసి, ఆ ఖాతాను ప్రజలకు చూపించాలి.

ఇళ్ల విషయంలో స్పెయిన్‌లోని బార్సిలోనా నిర్ణయాన్ని గమనించాలి. అద్దెలు పెరిగి స్థానికులు ఊరు విడవవలసి వస్తున్నదని, పర్యాటకులకు అద్దెకిచ్చే పది వేలకు పైగా ఫ్లాట్ల లైసెన్సులను 2028 నవంబరు నాటికి పొడిగించకుండా ముగిస్తామని ఆ నగర మేయర్ 2024లో ప్రకటించారు. తిరుపతిలో అంత దూరం వెళ్లే ముందు, రోజువారీ అద్దెకిచ్చే ప్రతి ఇంటినీ వార్డువారీగా నమోదు చేసి, వాణిజ్య పన్ను, వాణిజ్య నీటి రేటు వర్తింపజేయాలి.

ఈ ఏర్పాట్లను బ్రహ్మోత్సవాలకు కనీసం మూడు నెలల ముందు ఒక మామూలు శనివారం నాడు పరీక్షించి చూడాలి. దేవస్థానం, నగరపాలక సంస్థ, పోలీసు, ఆర్టీసీ, రైల్వే అధికారులతోపాటు ఆటోడ్రైవర్లు, వీధివ్యాపారులు, పారిశుద్ధ్య కార్మికుల ప్రతినిధులు ఆ రాత్రి కంట్రోల్ రూములో కూర్చోవాలి. వారం లోపల మళ్లీ సమావేశమై, సగటు నిరీక్షణ ఎన్ని గంటలకు వచ్చిందో, ఏ కూడలిలో తగ్గలేదో రాసి, ఆ కాగితాన్ని ప్రతి వార్డు సచివాలయం గోడమీద అంటించాలి.