ఫిల్మ్ రా స్టాక్ కొంటున్నారా? క్యాన్ ధరకు ముందు నిమిషం లెక్క తేల్చుకోండి

డిజిటల్‌లో కాకుండా ఫిల్మ్ మీద తీయాలనుకునే విద్యార్థులూ షార్ట్ ఫిల్మ్ వాళ్లూ రా స్టాక్, అంటే ఇంకా షూట్ చేయని ఫిల్మ్, కొనేటప్పుడు ముందుగా అడిగేది 'క్యాన్ (డబ్బా) ఎంత?' అని. ఆ ఒక్క అంకెతో ఏదీ తేలదు. ఒక క్యాన్‌లో 400 అడుగులుంటాయి, ఇంకోదాంట్లో 1000. ఒకటి 16 ఎంఎం, ఇంకోటి 35. పోల్చాల్సింది ఒక్కటే: షూట్ చేసి, ల్యాబ్‌లో కడిగించి (డెవలప్ చేయించి), స్కాన్ చేయించి హార్డ్ డిస్క్‌లోకి వచ్చిన ఒక్కో నిమిషానికి ఎంత పడిందని.

సెకనుకు 24 ఫ్రేముల వేగంలో 16 ఎంఎం నిమిషానికి 36 అడుగులు తింటుంది. 400 అడుగుల రోలు 11 నిమిషాల 6 సెకన్లు, 100 అడుగుల స్పూలు 2 నిమిషాల 46 సెకన్లు నడుస్తాయి. సూపర్ 8 (8 ఎంఎం ఫిల్మ్) కార్ట్రిజ్‌లో ఉండేది 50 అడుగులే అయినా రెండున్నర నిమిషాలు వస్తుంది. కాబట్టి సూపర్ 8 ధరను 16 ఎంఎం 100 అడుగుల స్పూలు పక్కన పెట్టి చూడాలి. 35 ఎంఎం మామూలు నాలుగు పెర్ఫ్ (ఒక్కో ఫ్రేముకు అంచున నాలుగు రంధ్రాలు) కెమెరా నిమిషానికి 90 అడుగులు లాగుతుంది, అంటే 1000 అడుగులకు 11 నిమిషాల 6 సెకన్లు. మూడు పెర్ఫ్ అయితే 67.5 అడుగులు, రెండు పెర్ఫ్ అయితే 45.

పది నిమిషాల సినిమా తీస్తున్నారు, ఒక నిమిషానికి ఐదు నిమిషాల చొప్పున షూట్ చేస్తారనుకుందాం. 50 నిమిషాల ఫుటేజీ కావాలి. 16 ఎంఎంలో అది 1800 అడుగులు. లోడింగ్‌లో ప్రతి రోలుకూ ముందూ వెనకా కలిపి పది అడుగులు పోయాయనుకుని 400 అడుగుల క్యాన్లు ఐదు తీసుకోవాలి. 35లో నాలుగు పెర్ఫ్ అయితే 4500 అడుగులు, మూడు పెర్ఫ్ 3375, రెండు పెర్ఫ్ 2250. నాలుగు నుంచి మూడు పెర్ఫ్‌కి మారితే పావు వంతు ఫిల్మ్ మిగులుతుంది, కడిగే ఖర్చూ అంతే తగ్గుతుంది. ఏ అమ్మకందారుణ్ణి ఎంత బతిమాలినా పావు వంతు తగ్గించడు. అందుకే ధర కోసం ఫోన్ చేసే ముందే కెమెరా మూవ్‌మెంట్ (ఫ్రేముకు ఎన్ని పెర్ఫ్‌లు లాగేది) ఏదో తేల్చుకోండి. మీ ల్యాబ్ స్కానర్ ఆ పెర్ఫ్‌ని తీసుకుంటుందో లేదో కూడా అడగండి.

కొడాక్ విజన్‌3 కలర్ నెగెటివ్‌లో 50డీ, 250డీ, 200టీ, 500టీ అని నాలుగు రకాలున్నాయి. అంకె స్పీడు, అంటే వెలుతురును పట్టే శక్తి; డీ పగటి వెలుతురుకు, టీ టంగ్‌స్టన్ లైట్లకు. వాటి నంబర్లు 35 ఎంఎంలో వరసగా 5203, 5207, 5213, 5219. 16 ఎంఎంలో 52 బదులు 72తో మొదలవుతాయి. అడుగు ధరలో ఈ నాలుగింటికీ చెప్పుకోదగ్గ తేడా ఉండదు. డబ్బు మిగులుతుందని స్పీడు మార్చుకోవడంలో అర్థం లేదు, వెలుతురును బట్టి ఎంచుకోండి. బ్లాక్ అండ్ వైట్ డబుల్-ఎక్స్, అంటే 5222, 7222, కొనేటప్పుడు కాస్త చవక. కానీ అది కడిగే ల్యాబులు తక్కువ, చార్జీ ఎక్కువ ఉన్నచోట ఆ లాభం అక్కడే ఆవిరవుతుంది.

కొటేషన్ అడిగే తీరు

'16 ఎంఎం ఫిల్మ్ ఎంతండీ' అని మెయిల్ పెడితే జవాబు ఆలస్యంగా వస్తుంది, వచ్చినా మామూలు రేటే వస్తుంది. ఫిల్మ్ నంబరు, అడుగులు, పెర్ఫొరేషన్, కోర్ (చీకట్లోనే ఎక్కించాల్సిన చుట్ట) మీదా డేలైట్ స్పూలు (మసక వెలుతురులో ఎక్కించగలిగే రీలు) మీదా, ఎన్ని క్యాన్లు, ఏ తేదీకి ఎక్కడికి చేరాలి, ఏ ల్యాబ్‌లో కడిగిస్తారు, విద్యార్థి ప్రాజెక్టా కాదా: ఇవన్నీ మొదటి మెయిల్‌లోనే రాయండి. మొత్తం ఆర్డరు ఒకేసారి చెప్పండి. ఇవాళ రెండు, వచ్చే వారం మూడు అంటే తగ్గింపు అడిగే బలం పోతుంది, రవాణా రెండుసార్లు పడుతుంది.

అమెరికాలో కొడాక్ నేరుగా కూడా అమ్ముతుంది, విద్యార్థులకు తగ్గింపు ఇస్తుంది. ఐడీ కార్డు గానీ చదువుతున్నట్టు కాలేజీ ఇచ్చిన కాగితం గానీ సిద్ధంగా పెట్టుకోండి. అక్కడ ఫిల్మ్ స్కూళ్లలో చదివే మన పిల్లలు ఈ తగ్గింపును వదులుకోకూడదు. విద్యార్థి కానివాళ్లు ల్యాబ్‌నే అడగడం మేలు. ఫిల్మ్, ప్రాసెసింగ్, స్కానింగ్ కలిపి ప్యాకేజీ ఇచ్చే ల్యాబులున్నాయి. ప్యాకేజీ రేటు విన్నాక స్కాన్ రిజల్యూషన్ ఎంత, ఏ ఫార్మాట్‌లో ఫైలు ఇస్తారు, నెగెటివ్ తిరిగి పంపే ఖర్చు ఎవరిది అని అడగండి. పైకి చవగ్గా కనిపించే ప్యాకేజీ అసలు ఖర్చు చాలాసార్లు ఇక్కడే బయటపడుతుంది.

షార్ట్ ఎండ్లు, రీక్యాన్లు

రోలులో కొంత షూట్ చేశాక మిగిలిన ముక్క షార్ట్ ఎండ్. కెమెరా మ్యాగజైన్‌లోకి (ఫిల్మ్ పెట్టే పెట్టె) ఎక్కించి, షూట్ చేయకుండానే దించి మళ్లీ డబ్బాలో పెట్టింది రీక్యాన్. పెద్ద సినిమాల నుంచి మిగిలినవి కొని అమ్మే వ్యాపారులు ఉన్నారు. సీలు తీయని క్యాన్లూ వాళ్ల దగ్గర కొత్తదాని కన్నా తక్కువకే దొరుకుతాయి. దొరికితే ముందు అవే తీసుకోండి, తర్వాత రీక్యాన్లు, ఆఖరున షార్ట్ ఎండ్లు.

షార్ట్ ఎండ్ లెక్క ఇలా వేయాలి. కొత్త 400 అడుగుల 16 ఎంఎం క్యాన్ 100 రూపాయలనుకోండి. 390 అడుగులు వాడుకోగలరు, అడుగు దాదాపు 26 పైసలు. వంద అడుగుల షార్ట్ ఎండ్లు నాలుగు కలిపి 70 రూపాయలకు వచ్చాయి. ఒక్కోదాంట్లో లోడింగ్‌కి పది పోతే మిగిలేది 360, అడుగు 19 పైసల పైచిలుకు. నాలుగో వంతు మిగిలినట్టే ఉంది. కానీ ఫిల్మ్, కడగడం, స్కానింగ్ మూడింటికీ సమానంగా ఖర్చవుతుందనుకుంటే మొత్తం మీద మిగిలేది 8 శాతమే. పైగా రోలుకింత చొప్పున తయారీ చార్జీ వేసే ల్యాబ్ అయితే నాలుగు రోళ్లకు నాలుగుసార్లు పడుతుంది. సెట్‌లో రెండున్నర నిమిషాలకోసారి మ్యాగజైన్ మార్చే సమయం వేరే. పొడవాటి డైలాగు సీన్లకు ఇవి పనికిరావు, చిన్న చిన్న షాట్లకు బాగుంటాయి.

వయసు సంగతి మరీ ముఖ్యం. సినిమా నెగెటివ్ క్యాన్ మీద గడువు తేదీ వేయరు. 5219 వచ్చింది 2007లో, ఇప్పటికీ అదే నంబరు. కాబట్టి నంబరు చూసి కొత్తదనుకోకూడదు. ఫూజీ సినిమా నెగెటివ్ తయారీ 2013లోనే ఆగింది. ఎటెర్నా అని ఎవరైనా అమ్మితే అది పదేళ్లు దాటిన సరుకే.

అందుకని స్నిప్ టెస్ట్ అడగండి. రోలు నుంచి చీకట్లో కొన్ని అడుగులు కత్తిరించి, షూట్ చేయకుండానే ల్యాబ్ కడుగుతుంది. వచ్చిన ముక్క డెన్సిటీని (ఎంత నల్లబడిందో) కొలిచి, అదే రకం కొత్త ఫిల్మ్ డెన్సిటీ పక్కన పెడతారు. పెరిగితే ఫాగ్ పట్టిందని, అంటే షూట్ చేయకుండానే నల్లబడిందని అర్థం. ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలు మూడూ విడివిడిగా ఇమ్మనండి. ఒకటి మిగతావాటికన్నా ఎక్కువ పెరిగితే నీడల్లో రంగు తేలి కనబడుతుంది, గ్రేడింగ్‌లో (రంగులు సరిదిద్దేటప్పుడు) పూర్తిగా పోదు. కడిగిన ముక్క అంచున తయారీ సంవత్సరం సంకేత అక్షరాల్లో కనిపిస్తుంది, ల్యాబ్‌ని చదివి చెప్పమనండి. 500టీ లాంటి వేగవంతమైన ఫిల్మ్ ఫ్రీజర్‌లో ఉన్నా పాతబడుతుంది, ఎందుకంటే చుట్టూ సహజంగా ఉండే రేడియేషన్‌ని చలి ఆపదు. పాత స్టాక్‌కి పదేళ్లకు ఒక స్టాప్ ఎక్కువ ఎక్స్‌పోజర్ (రెట్టింపు వెలుతురు) అనే వాడుక లెక్క ఉంది గానీ, 500టీని 250గా వాడాల్సి వస్తే లైట్ల అద్దె పెరుగుతుంది. చవక ఎక్కడుందో అప్పుడు చూసుకోండి.

ఒకే సీన్‌కి వాడే రోళ్లన్నీ ఒకే ఎమల్షన్ నంబరువి, అంటే ఒకే విడతలో తయారైనవి అయి ఉండాలి. లేబుల్ ఫొటో పంపమని అడిగితే నంబర్లు సరిచూసుకోవచ్చు. అదే ఫొటోలో పెర్ఫొరేషన్ కూడా చూడండి. సూపర్ 16 (16 ఎంఎంలోనే వెడల్పాటి ఫ్రేము) కెమెరాకు ఒకవైపే రంధ్రాలున్న ఫిల్మ్ కావాలి, లేబుల్ మీద 1ఆర్ అని ఉంటుంది. రెండు వైపులా పళ్లున్న పాత కెమెరాల్లో 1ఆర్ వేస్తే చిరుగుతుంది. 2383 అనే నంబరు చవగ్గా కనబడితే ముట్టుకోవద్దు. అది థియేటర్ ప్రింట్లు వేసే ఫిల్మ్, కెమెరాకు పనికిరానంత తక్కువ స్పీడు.

రవాణా, కస్టమ్స్

విమానంలో చెకిన్ బ్యాగులో పెడితే ఎక్స్‌రేకి ఫిల్మ్ పాడవుతుంది. క్యాబిన్ బ్యాగులకు ఇప్పుడు వాడుతున్న సీటీ స్కానర్లూ పాడుచేస్తాయి. చేత్తో తనిఖీ చేయమని అడగాలి, అందుకు టైం పెట్టుకుని వెళ్లాలి. క్యాన్ మాత్రం తెరవనివ్వకండి. కొరియర్‌లో తెప్పిస్తే వారం మొదట్లో పంపమనండి, శని ఆదివారాలు వేడి గోడౌన్‌లో పడి ఉండకుండా.

ఇండియాకు తెప్పించేవాళ్లు ఇన్‌వాయిస్‌లో హెచ్ఎస్ కోడ్ (కస్టమ్స్ వాళ్లు సరుకు రకాన్ని గుర్తించే నంబరు) సరిగ్గా వేయించాలి. షూట్ చేయని రోలు ఫిల్మ్ 3702, షూట్ చేసి కడగనిది 3704, కడిగిన సినిమా ఫిల్మ్ 3706 కిందకు వస్తాయి. సుంకం సరుకు ధర మీదే కాకుండా రవాణా, బీమా కలిపిన మొత్తం మీద పడుతుంది, దాని మీద ఐజీఎస్టీ. కెమెరాకు కార్నే (సామాను తాత్కాలికంగా సుంకం లేకుండా తెచ్చి తిరిగి తీసుకెళ్లే పత్రం) తీసుకున్నా ఫిల్మ్ అందులోకి రాదు, అది వాడగానే అయిపోయే సరుకు కదా. షూట్ అయ్యాక నెగెటివ్ విదేశీ ల్యాబ్‌కి వెళ్లాల్సి వస్తే రానూ పోనూ కొరియర్ కూడా నిమిషం లెక్కలో కలపండి. రోజుకో రోలు పంపకుండా అన్నీ ఒకే పెట్టెలో పంపితే ఆ ఖర్చు బాగా తగ్గుతుంది, అయితే మొదటి రోజు ఒక టెస్ట్ రోలు మాత్రం విడిగా పంపి ఫలితం చూసుకోండి.

కొన్న ఫిల్మ్ ఆరు నెలల్లోపు వాడేదైతే 13 డిగ్రీలు దాటని ఫ్రిజ్ చాలు. అంతకు మించి ఉంచాలంటే మైనస్ 18లో పెట్టాలి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా టేపు తీయొద్దు, ఫ్రీజర్ నుంచి తీసినదైతే ముందురోజు రాత్రే తీసి పెట్టుకోండి. టేపు తీయకుండా మిగిలిన క్యాన్లు షూటింగ్ అయ్యాక అదే షార్ట్ ఎండ్ల వ్యాపారికి అమ్ముకోవచ్చు. ఎంతకు తిరిగి కొంటారో కొనేటప్పుడే మెయిల్‌లో రాయించుకోండి.