కాలువలు కట్టేశారు, రాత్రి దారిలో జాగ్రత్త

దాళ్వా (రెండో పంట) కోతలు అయ్యాయో లేదో కాలువలు కట్టేశారు. అప్పుడే పి.గన్నవరం దిగువ నుంచి కబురు. కొబ్బరికాయల లోడు దించేసి, ఎండిన కాలువలోంచి అడ్డదారిన ఇంటికొస్తున్న ట్రాక్టర్ కుర్రాడిని రక్తపిశాచాల తలారి ఆపాడు. కుర్రాడు బెదిరిపోయి "నేను మునసబు గారి తాలూకు" అనేశాడు. ఒంటి మీద ఒక్క గాటు లేదు. కానీ ఇప్పుడు చీకటి పడితే వాకిట్లో నిలబడి పిలుపు కోసం ఎదురుచూస్తున్నాడట. తల్లి పిలిచినా లోపలికి రావట్లేదు.

వెల్లుల్లి, ఎండ, గడప లోపలికి పిలవకపోవడం అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. రక్తపిశాచాలు పారే నీటిని దాటలేవనీ తెలుసు. ఏడాది పొడుగునా మన ధైర్యమంతా దాని మీదే. ఆ నీరు ఇప్పుడు లేదు, జూన్‌లో వదిలేదాకా రాదు.

వాళ్ల రాజ్యాలకు నీళ్లే గీత. గోదావరి తూర్పు డెల్టాకు ఒక దొర, మధ్య డెల్టాకు ఒకడు, పశ్చిమ డెల్టాకు ఒకడు. ధవళేశ్వరం, బొబ్బర్లంక, విజ్జేశ్వరం, అంటే కాలువలు మొదలయ్యే చోటే వాళ్ల కొలువులు. 1852లో ఆనకట్ట పూర్తయ్యేదాకా గౌతమి, వైనతేయ, వశిష్ట పాయలే హద్దులు. కాలువలు తవ్వుకుంటూ పోయినకొద్దీ ప్రతి గట్టూ ఒక సరిహద్దయింది, ప్రతి లాకు దగ్గరా ఒక కాపలా వచ్చింది. కాలువ ఎండిందంటే అవతలివాడు ఇవతలికి నడిచొస్తాడు. ఈ నాలుగు వారాలూ వాళ్లకి ఎన్నికల సీజన్ లాంటిది. ఎవరి కింద ఎన్ని తలలున్నాయో లెక్క తేలేది ఇప్పుడే.

ఎవరు ఎవరో తెలుసుకోండి. మనకి మునసబు, కరణం పదవులు 1984లో పోయాయి. వాళ్లకి పోలేదు, చచ్చి ఖాళీ చేసేవాడు ఉండడు కదా. దొర మనుషులతో మాట్లాడడు. దివాను మీకు కనపడడు. కాలువకొక మునసబు ఉంటాడు, శిక్ష వేసే అధికారం వాడిది. లాకుల దగ్గర లస్కరు, రాకపోకలు వాడు చూస్తాడు. అందరికంటే కింద తలారి, ఎక్కువగా కొత్తగా మారినవాడు, ఎప్పుడూ ఆకలి మీద ఉంటాడు. జనం తలారిని చూసి భయపడతారు. భయపడాల్సింది కరణానికి. వాడు ఎవరినీ కొరకడు, పద్దు రాస్తాడు. ఎవరు ఎవరి తాలూకో ఆ పద్దులో ఉంటుంది, ఆ పద్దే వాళ్ల రాజ్యాంగం.

వాళ్లలో పెద్దరికం వయసుని బట్టి రాదు. రెండు వందల ఏళ్లవాడు తలారిగానే పడి ఉండొచ్చు, నిన్నగాక మొన్న మారినవాడు మునసబు కావచ్చు. పేరు కింద ఎంతమంది ఉన్నారన్నదే లెక్క. ఏ పద్దులోనూ లేని మనిషిని ఎవరూ ముట్టకూడదని ముగ్గురు దొరలకూ ఒప్పందం ఉంది. ముడితే మిగతా ఇద్దరూ మీద పడతారు. అందుకే తలారి అరుస్తాడు, పళ్లు చూపిస్తాడు, దారికి అడ్డం నిలబడతాడు, కొరకడు. వాడిని పంపింది కొరకడానికి కాదు. మీరు బెదిరి ఒక పెద్ద పేరు చెప్పాలి, అంతే.

చెప్పారా, అయిపోయింది. "ఫలానా వారి తాలూకు" అని మీ నోటితో మీరే అన్న మాట తలారి చెవిన పడితే చాలు, తెల్లారేలోపు కరణం పద్దులోకి ఎక్కుతుంది. నేను చూసిన కొంపలు మునిగింది దీనితోనే, కాటుతో కాదు. పోలీసు ఆపినా, టోల్ గేటు దగ్గర ఆపినా ఎమ్మెల్యే గారి మనిషినని అనడం మనకి అలవాటు. ఇక్కడ ఆ అలవాటు పనికిరాదు. ఎంత పెద్ద పేరు చెబితే అంత పెద్దవాడికి మీరు సొంతం, వాడి శత్రువులందరికీ మీరు శత్రువు. పద్దులోంచి కొట్టేయించుకోవచ్చు, కానీ రాయించుకున్న మునసబు ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే వాడి లెక్కలో ఒకటి తగ్గుతుంది. ఎవడు ఒప్పుకుంటాడు?

సూటిగా అన్నా, చుట్టు తిప్పి అన్నా ఒకటే. "మా బావగారు ఆయన దగ్గరే చేస్తారండీ" అన్నా ఎక్కుతుంది. "మీ దయ అండీ" అన్నా ఎక్కుతుంది. అన్నిటికంటే ప్రమాదం "ఆయ్, మేం మీవాళ్లమే అనుకోండి". మర్యాదకి పేరున్న జిల్లాలు మనవి, ఈ కాస్త రోజులు ఆ మర్యాద తగ్గించుకోండి. అడిగితే "ఎవరి తాలూకూ కాదండీ" అనండి, ఆగండి. రెండో ముక్క వద్దు.

మిగతావి:

పూడిక తీసే పనివాళ్లు కాలువ అడుగున పడుకోవద్దు. గట్టెక్కి పడుకోండి. అడుగు ఇప్పుడు ఎవరి హద్దూ కాదు, అక్కడ దొరికినవాడి కోసం ముగ్గురి తలారులూ కొట్టుకుంటారు.

పెళ్లివారి బస్సు సిద్ధాంతం, చించినాడ, ఎదుర్లంక వంతెనల మీదుగా రావాలి. కింద నది కదులుతూ ఉంటుంది. దూరమైనా సరే.

కోటిపల్లి దగ్గరైనా, సఖినేటిపల్లి దగ్గరైనా చీకటి పడ్డాక పంటు (రేవు దాటించే పడవ) ఎక్కాల్సొస్తే, పోటు తిరిగే వేళ ఎక్కకండి. నీరు కాసేపు నిలబడిపోతుంది. ఆ కాసేపు చాలు వాళ్లకి.

తాగి రావద్దు. తాగినవాడు పేర్లు చెబుతాడు.

తలారికి బీడీ ఇవ్వకండి.

ఇంటిపేరు చెప్పకండి.

పిల్లలకు నేర్పండి: ఎవరి తాలూకూ కాదు. పడుకునే ముందు పదిసార్లు అనిపించండి.

కొత్త అల్లుళ్లకి ముందే చెప్పండి, మావగారి పేరు వాడేది ఎక్కువగా వాళ్లే.

ఎవరి తాలూకు అని నోట రాకూడదు. మునసబుది కాదు, దొరది కాదు, దేవుడిది కూడా కాదు.

జూన్‌లో బ్యారేజీ దగ్గర నీళ్లు వదిలారని పేపర్లో చూసి బయల్దేరకండి. శివారుకి చేరడానికి రోజులు పడుతుంది, పైవాళ్లు తూములు ఎత్తుకుంటే ఇంకా ఆలస్యం. గుర్రపుడెక్క పట్టిన కాలువ నిండుగా కనపడుతుంది, నీరు మాత్రం కదలదు. నిలవ నీటిని వాళ్లు దాటుతారు.