తుక్కు నుంచి పవర్ హామర్ తెచ్చుకునేవారికి కొన్ని జాగ్రత్తలు

మూతపడిన ఫోర్జింగ్ షాపులోనో, ఆటోనగర్ తుక్కు కొట్టు వెనకాలో వానకు తడుస్తూ పడి ఉన్న పాత పవర్ హామర్‌ను (ఎర్రటి ఇనుమును మోటారు బలంతో సాగగొట్టే భారీ సుత్తి యంత్రాన్ని) కరిగించకుండా కాపాడి కొనుక్కోవడం చాలా మంచి పని. సరిగ్గా నిలబెడితే అది ఇంకో తరం కమ్మరికి అన్నం పెడుతుంది. అయితే ఈ యంత్రం పేరు చెప్పగానే అందరూ అది కొట్టే దెబ్బకే భయపడతారు. నన్నడిగితే, అది నడవడం మొదలుపెట్టక ముందే ఎక్కువ భయపడాలి. ఎత్తేటప్పుడు, విప్పేటప్పుడు, బిగుసుకున్న భాగాన్ని వేడి చేసేటప్పుడు ప్రాణాల మీదికి వస్తుంది.

గ్రేట్ బ్రిటన్ అనే ఓడకు కావలసిన భారీ ఇరుసును సాగగొట్టగల సుత్తి ఎక్కడా లేకపోవడంతో 1839 నవంబరులో జేమ్స్ నాస్మిత్ తన నోటుపుస్తకంలో ఆవిరి సుత్తి బొమ్మ గీశాడు. ఆవిరి పోయి మోటారు వచ్చింది కాని సూత్రం మారలేదు: పైన కదిలే బరువు (దీన్నే ర్యామ్ అంటారు), కింద కదలని బరువు. కొనేటప్పుడు చాలామంది పైదాన్నే చూస్తారు, కిందిదాన్ని మరిచిపోతారు. పెద్ద హామర్లలో కింది దాగలి దిమ్మె విడిగా ఉంటుంది. బరువైనది కనుక తుక్కువాళ్లు ముందు దాన్నే అమ్మేస్తారు. దిమ్మె లేని హామర్ సగం యంత్రమే. పడే బరువుకు దిమ్మె కనీసం పది రెట్లు, వీలైతే పదిహేను రెట్లు ఉండాలి. అంటే 100 కిలోల హామర్‌కు టన్ను నుంచి టన్నున్నర దాకా.

తర్వాత పగుళ్లు చూడండి. కొత్తగా రంగు వేసి ఉంటే, ముఖ్యంగా ఫ్రేము మెడ వంపులో లప్పం పెట్టి నున్నగా చేసి ఉంటే, అనుమానించండి. కిరోసిన్ పూసి కాసేపు నాననిచ్చి, పొడిగా తుడిచి, సుద్దపొడి చల్లితే పగులున్న చోట తడి గీత తేలుతుంది. డైలు (ఇనుమును కొట్టే పై, కింది ఉక్కు ముక్కలు) కూర్చునే డవ్‌టెయిల్ గాడుల, అంటే లోపలికి వెడల్పయ్యే గాడుల, మూలల్లో తప్పకుండా ఈ పరీక్ష చేయాలి, పగులు మొదలయ్యేది అక్కడే. ఫ్రేము మెడలో పగులుంటే, పోత ఇనుము పనిలో చేయి తిరిగినవారు చూసి భరోసా ఇచ్చేదాకా డబ్బు ఇవ్వకండి. మామూలు రాడ్డుతో ఎవరో వెల్డింగు వేసిన గుర్తులుంటే ఆ బేరం వదిలేయడమే మేలు.

ఇక ఎత్తడం. అమ్మేవాడు చెప్పే బరువును నమ్మకండి, టేపుతో కొలిచి లెక్క వేయండి. పోత ఇనుము ఘనమీటరుకు దాదాపు 7.2 టన్నులు. అటూ ఇటూ ఎత్తూ అర మీటరే ఉన్న దిమ్మె కూడా 900 కిలోలు తూగుతుంది. ఫ్రేము బరువంతా పైన, ఒక పక్కకు ఉంటుంది కాబట్టి నిలబెట్టి లాగితే బోల్తా పడుతుంది. స్లింగును (ఎత్తడానికి కట్టే తాడును లేదా గొలుసును) క్రాంకు షాఫ్టుకో, ఫ్లైవీలుకో తగిలించకూడదు. రెండు కాళ్ల స్లింగు నిటారుగా ఉన్నంతసేపు ఒక్కో కాలు సగం బరువే మోస్తుంది. నేలతో 30 డిగ్రీల కోణం దాకా పరుచుకుంటే ఒక్కో కాలి మీదా మొత్తం బరువు పడుతుంది. కాబట్టి కోణం 60 డిగ్రీలకు తగ్గనివ్వకండి. నాలుగు వేళ్ల ఎత్తు లేపి ఆపండి, ఎటు వాలుతుందో చూడండి, దించి సరిచేసి మళ్లీ లేపండి. మనం హైడ్రా అని పిలిచే క్రేను బరువును వేలాడదీసుకుని మెత్తటి నేల మీద, వాలు మీద కదిలినప్పుడే పక్కకు ఒరుగుతుంది. వాన పడిన మర్నాడు ఈ పని పెట్టుకోకండి. బరువు వేలాడుతుండగా దాన్ని చేతులతో తోసి సరిచేయబోయే ఉత్సాహవంతులు ప్రతిచోటా ఉంటారు. వారికి తాడు ఇచ్చి దూరంగా నిలబెట్టండి.

షెడ్డుకు చేరాక ముందు చేయాల్సింది శుభ్రం కాదు, ర్యామ్‌ను కదలకుండా చేయడం. తుప్పుతో పైనే బిగుసుకుపోయిన ర్యామ్ ఏళ్ల తరబడి అలాగే ఉండవచ్చు. మీరు పోసిన నూనె నానాక, చేయి కింద ఉన్నప్పుడే జారవచ్చు. రెండు డైల మధ్య గట్టి కర్ర దుంగను నిలువుగా ఇరికించి, పైనుంచి కూడా కట్టేశాకే స్పానరు పట్టండి. స్ప్రింగు హామరైతే ముందు స్ప్రింగు బిగింపు పూర్తిగా వదులు చేయాలి. మోటారు ఉంటే ఫ్యూజులు తీసి మీ జేబులోనే ఉంచుకోండి.

గాలి ఒత్తిడితో కొట్టే ఎయిర్ హామర్‌లో బిగుసుకున్న పిస్టన్ దగ్గర రెండు పనులు అస్సలు చేయకూడదు. ఒకటి, మూసి ఉన్న సిలిండర్‌ను గ్యాసు మంటతో కాల్చడం. లోపల చిక్కుకున్న పాత నూనె ఆవిరై సిలిండర్ పగిలిపోతుంది. రెండు, కంప్రెసర్ గాలితో పిస్టన్‌ను బయటికి తోయడం. గాలి నొక్కుకుని ఉండి, పట్టు వదిలిన క్షణంలో తూటాలా విసురుతుంది. కవాటాలన్నీ తీసి లోపల చిక్కుకున్న గాలిని వదిలేశాక, గ్రీజు పంపుతో మెల్లగా తోయండి. గ్రీజు నొక్కుకోదు, కాబట్టి పిస్టన్ కదలగానే ఒత్తిడి పడిపోతుంది. రోజులు పడితే పట్టనివ్వండి.

పాత రంగులో సీసం ఉండవచ్చు, పాత క్లచ్ లైనింగులో, ఆవిరి హామర్ ప్యాకింగులో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. వాటిని గ్రైండర్‌తో గీకకండి, గాలితో ఊదకండి. తడిపి తీసి సంచిలో మూట కట్టండి. ఇసుకతో బ్లాస్టింగు చేయించాలన్న ఆలోచన మానుకోండి, ఆ ధూళి ఊపిరితిత్తులను తినేస్తుంది. అరిగిన బేరింగులకు వైట్ మెటల్ (బేరింగులకు వాడే మెత్తటి మిశ్రలోహం) కరిగించి పోయాల్సి వస్తే, హౌసింగులో నీటి చుక్క ఉన్నా కరిగిన లోహం ముఖం మీదికి చిమ్ముతుంది. హౌసింగును ముందుగా బాగా వేడి చేసి ఆరబెట్టండి. ముఖానికి షీల్డు, తలుపులు తెరిచిన షెడ్డు తప్పనిసరి.

పునాది గోతిని వానాకాలంలో తవ్వితే నీరు ఊరి అంచులు కూలతాయి. ఇంటి గోడ పునాదికి దాన్ని కలపకండి, మీ గోడతో పాటు పక్కింటి గోడా చీలుతుంది. దిమ్మె కింద గట్టి చెక్క దుంగలు పరవాలి. కాంక్రీటు ఎండినట్టు కనిపించినా 28 రోజులు ఆగాలి. పక్కవారితో ముందే మాట్లాడుకోవడం కూడా పునాదిలో భాగమే అనుకోండి.

మోటారు తిరిగే దిశను బెల్టు వేయకుండానే చూసుకోండి. బెల్టుకు, ఫ్లైవీలుకు, స్ప్రింగుకు గట్టి కవచం ఉండాలి. కాలి పెడలు మీద ఏదైనా జారిపడితే హామర్ కొట్టేస్తుంది, అందుకని దానిపైన ఇనుప రేకు గూడు పెట్టండి. నూనె అన్ని చోట్లకూ చేరిందని ఫ్లైవీలును చేత్తో తిప్పి నిర్ధారించుకోండి. మొదటి దెబ్బలు కర్ర దుంగ మీద వేయండి. ఖాళీ డై మీద డై కొట్టనివ్వకండి, గట్టిదనం పట్టించిన ఉక్కు పెచ్చులుగా లేస్తుంది. డైలను పట్టి ఉంచే చీలలను (కీలను) బిగించేటప్పుడు, విప్పేటప్పుడు ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. మధ్యలో ఇత్తడి ముక్క పెట్టి కొట్టండి.

పని మొదలయ్యాక పటకారు పిడిని పొట్టకు సూటిగా పట్టుకోకండి, పక్కగా పట్టండి. ఇనుము డై మీద సమంగా ఆనకపోతే వెనక్కి తన్నేది ఆ పిడే. కాలిన ఇనుము మీద నుంచి ఊడే చిట్టెం రేకులు ఎర్రగా ఎగురుతాయి కాబట్టి నూలు బట్టలే కట్టుకోవాలి. వంద డెసిబెల్ల మోతను చెవి భరించగలిగేది రోజుకు పావుగంటే, ఈ యంత్రం దగ్గర మోత అంతకంటే తక్కువ ఉండడం అరుదు. చెవిలో ప్లగ్గు, పైన మఫ్ రెండూ పెట్టుకోండి. మొదటి గంట పని కాగానే యంత్రాన్ని ఆపి, ర్యామ్ కింద దుంగ పెట్టి, కీలనూ పునాది బోల్టులనూ మళ్లీ బిగించండి. కొత్తగా కూర్చున్నవి మొదటి వారమంతా వదులవుతూనే ఉంటాయి.