పాత డీజిల్ స్విఫ్ట్‌కి రీమ్యాప్ చేయించే ముందు

సెకండ్ హ్యాండ్‌లో కొన్న 1.3 లీటర్ డీజిల్ స్విఫ్ట్ ఇంకాస్త లాగాలని రీమ్యాప్ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచడం) ఆలోచన వస్తే, ముందు అది కంపెనీ ఇచ్చిన 75 పీఎస్ పవర్, 190 ఎన్‌ఎం టార్క్ (లాగే బలం) అయినా ఇస్తోందో లేదో చూడండి. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా, టర్బో గొట్టం లీకవుతున్నా బండి బరువుగానే నడుస్తుంది, అది బాగుచేస్తే చాలాసార్లు రీమ్యాప్ అవసరమే ఉండదు.

క్లచ్: ఖాళీ రోడ్డు మీద నాలుగో గేర్‌లో తక్కువ స్పీడ్ నుంచి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. ఆర్‌పీఎం ముల్లు పైకెళ్లి స్పీడ్ మాత్రం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టే. టార్క్ పెంచితే ముందు పోయేది అదే, కాబట్టి ఆ ఖర్చు ఇప్పుడే లెక్కలో వేసుకోండి.

పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు టైమింగ్ చైన్ (ఇంజిన్ లోపల వాల్వులను సమయానికి నడిపే గొలుసు) గలగలమంటే రీమ్యాప్ మాట పక్కన పెట్టేయండి.

టైర్లు, బ్రేకులు ముందు, పవర్ తర్వాత. ఇంట్లోవాళ్లందరూ ఎక్కే బండి ఇది! టైరు పక్కన 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం, గీతలు బాగున్నా రబ్బరు గట్టిపడి ఉంటుంది. బ్రేక్ ఫ్లూయిడ్ కూడా మార్పించండి.

పాత సాఫ్ట్‌వేర్ కాపీ తీసి మీకివ్వని వాడి దగ్గర చేయించొద్దు.

ఇక చట్టం. అనుమతి లేని మార్పులకు మోటారు వాహనాల చట్టం 182ఏ కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, ఒక్కోసారి రెండూ. బీమా కంపెనీకి చెప్పకుండా చేయిస్తే క్లెయిమ్ దగ్గర టెన్షన్ తప్పదు, ముందే రాతపూర్వకంగా అడగండి.