కొండవాలు మట్టి పగడాల మీదికి పోకుండా వట్టివేరు వరుస వేయడం ఎలా?

ఏటా మే మూడో వారానికి టీవీలో ‘అండమాన్‌ను తాకిన నైరుతి రుతుపవనాలు’ అని స్క్రోలింగ్ మొదలవుతుంది. అది చూసి ఆంధ్రాలో అందరూ హమ్మయ్య అనుకుంటారు. ఇక్కడ దక్షిణ అండమాన్‌లో సముద్రం వైపు వాలు మీద వక్క తోటో, జేసీబీతో చెక్కించిన ఇంటి స్థలమో ఉన్నవాళ్లకు మాత్రం అసలు టెన్షన్ అప్పుడే. ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన పడే చోటు ఇది. బోడి వాలు మీద ఒక్క పెద్ద వాన పడితే చాలు, సాయంత్రానికి ఒడ్డు నీళ్లు టీ రంగుకు తిరుగుతాయి.

ఆ మట్టి వల్ల పగడాలకు వచ్చే నష్టం చాలామందికి అర్థం కాదు. పగడం ఒంట్లో కంటికి కనపడని నాచు ఉంటుంది. అది ఎండతో తయారుచేసే తిండి మీదే పగడం ఎక్కువగా బతుకుతుంది. నీళ్లు మసకబారితే ఆ తిండి తగ్గిపోతుంది. మీద పడిన మట్టిని జిగురు కార్చి దులుపుకుంటుంది గానీ, రోజూ పడుతుంటే ఎంతకని దులుపుకుంటుంది? మట్టి పేరుకున్న రాతి మీద పిల్ల పగడాలు అతుక్కోవు కూడా. 2010లో సముద్రం వేడెక్కి ఇక్కడి పగడాలు పాలిపోయినప్పుడు మనం చేయగలిగింది ఏమీ లేదు. తోట మట్టి సంగతి అలా కాదు, వాలుకు అడ్డంగా వట్టివేరు గడ్డి వరుస వేసి దాన్ని ఆపొచ్చు.

సామాను

ఆరడుగుల కర్రలు రెండు, నాలుగడుగుల అడ్డకర్ర ఒకటి, మేకులు, పురికొస, గుప్పిట్లో పట్టే రాయి, వెదురు గూటాలు, గడ్డపార. రెండు మూడు పిలకలు కలిసిన వట్టివేరు దుబ్బులు మీటరుకు ఎనిమిది నుంచి పది కావాలి. వేసవిలో కుండలో వేసుకునే వట్టివేరే ఇది. అయితే విత్తనం పడి చుట్టూ పాకే రకం వద్దు, విత్తనం పట్టని దక్షిణాది రకమే అడిగి తెచ్చుకోండి. గీత గీసే పని ఏప్రిల్‌లో ముగించి, నాటడం తొలి వానలకు పెట్టుకోవాలి.

గీత గీయడం

అందరూ చెడగొట్టేది ఇక్కడే. వరుస వాలుకు అడ్డంగా ఉంటే చాలదు, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే ఎత్తులో ఉండాలి. కాస్త వాటంగా ఉన్నా పైనుంచి వచ్చిన నీళ్లు వరుస వెంట పాకి పల్లంగా ఉన్నచోట చేరతాయి. అక్కడ గండి పడుతుంది. వాలంతా పలచగా పారాల్సిన నీళ్లు ఒకే చోట నుంచి దూకి నేలను కోసేస్తాయి. అలాంటి వరుస వేసేకంటే వేయకపోవడమే మేలు.

పొడవు కర్రలు రెండూ పైన కలిపి, నడుమ అడ్డకర్ర కొట్టి ‘ఏ’ ఫ్రేమ్ చేయండి. కర్రలు కలిసిన పైకొసన పురికొస కట్టి రాయి వేలాడదీయండి. ఇప్పుడు దాని మట్టం సరిచూడాలి. ఫ్రేమ్‌ను నిలబెట్టి రెండు కాళ్ల కిందా గూటాలు కొట్టండి. దారం అడ్డకర్రను తాకిన చోట పెన్సిల్ గుర్తు పెట్టండి. కాళ్లు తారుమారు చేసి అవే గూటాల మీద నిలబెట్టి రెండో గుర్తు పెట్టండి. ఆ రెండు గుర్తులకు సరిగ్గా మధ్యన పెట్టిన గీతే మీ మట్టం. చాలామంది ఈ తారుమారు చేయకుండా అడ్డకర్రను టేపుతో కొలిచి నడిమధ్యన గీసేస్తారు. కర్రలు రెండూ ఆవగింజంత తేడా లేకుండా ఉంటేనే అది పనికొస్తుంది. అలాంటి కర్రలు ఎక్కడ దొరుకుతాయి?

వరుస మొదలయ్యే చోట గూటం కొట్టి, దాని దగ్గర ఒక కాలు పెట్టి, దారం మట్టం గీత మీదికి వచ్చేదాకా రెండో కాలిని పైకీ కిందికీ జరపండి. అక్కడ గూటం కొట్టండి. ఇక ఫ్రేమ్‌ను ముందుకు జరపకండి, తిప్పండి. ముందున్న కాలు కదలకుండా వెనక కాలు ముందుకు రావాలి. ఇలా తిప్పితే ఒక అడుగులో వచ్చిన తప్పును తర్వాతి అడుగు సరిచేస్తుంది. జరుపుకుంటూ పోతే అన్ని తప్పులూ ఒకే వైపు పేరుకుంటాయి. గాలి లేని పొద్దున పూట చేయండి. రాయి ఊగడం ఆగేదాకా ఆగండి. కాలు వేరు మీదో రాయి మీదో కాకుండా నేల మీదే ఆనాలి.

వాలు వంకర తిరిగితే గీత కూడా వంకర తిరగాలి. చూడ్డానికి బాగుంటుందని తాడు లాగి తిన్నగా వేసేవాళ్లను నేనైతే తోటలోకి రానివ్వను. వాన నీటి కాలువ అడ్డొస్తే దాన్ని దాటించకండి. అక్కడ ఆపి, కాలువలో రాళ్లు పేర్చండి. మేస్త్రీని పిలిస్తే నీళ్ల పైపు లెవెల్ చాలంటాడు. పైపులో ఒక్క గాలి బుడగ ఉంటే ఆ లెవెల్ గల్లంతే, పైగా ఇద్దరు మనుషులు కావాలి.

రెండో వరుస ఎక్కడ? వాలు దిగుతూ పోండి. పై వరుస మీ కళ్లకు సమానంగా కనిపించిన చోట ఆగండి. మీ కాళ్ల దగ్గరే రెండో గీత.

నాటడం

ఆకులు జానెడు, వేర్లు బెత్తెడు ఉంచి కత్తిరించండి. రెండు మూడు పిలకలు కలిపి, నాలుగైదు అంగుళాల ఎడంతో నాటి, మడమతో గట్టిగా తొక్కండి. యూరియా వద్దు. వాలు మీద చల్లిన యూరియా వానతో సముద్రంలో కలిసి బయట పెరిగే నాచును పెంచుతుంది, ఆ నాచు పగడాలను కప్పేస్తుంది. మాగిన పశువుల ఎరువు పిలకకు గుప్పెడు చాలు.

ఆ తర్వాత

నెల తిరిగేసరికి చచ్చిన పిలకల చోట కొత్తవి పెట్టండి. అరచేయి పట్టేంత సందున్నా నీళ్లు అదే దారి వెతుక్కుంటాయి. బ్రిటిష్ వాళ్లు తెచ్చి వదిలిన చుక్కల జింకలు తిరిగే చోటైతే తొలి వానాకాలం కంప నాటండి. మోకాలెత్తుకు కత్తిరిస్తూ, ఆ గడ్డిని వరుసకు పైభాగాన పరవండి. వరుస చిక్కబడటానికి రెండు వానాకాలాలు పడుతుంది. ఈలోపు కలుపు పీకి నేలను బోడి చేయకండి.

బురద ఆపడానికి కాంట్రాక్టర్లు కట్టే పచ్చ వల గురించి అడుగుతుంటారు. అడుగంచు నేలలో పూడ్చకుండా కట్టిన వల కింద నుంచే బురదంతా పోతుంది. ఇసుక బస్తాలు రెండేళ్లలో చిరిగి ఆ ప్లాస్టిక్ కూడా సముద్రం పాలవుతుంది.

వేరుకు మంచి రేటు పలుకుతుందని ఎవరైనా కొనడానికి వస్తే వరుసలోంచి ఒక్క దుబ్బు కూడా పెకలించనివ్వొద్దు. అమ్ముకోవాలనుకుంటే చదును నేలలో వేరే మడి వేసుకోండి. వచ్చే ఏటి పిలకలకు కూడా ఆ మడే పనికొస్తుంది.