నరాల అల్ట్రాసౌండ్, 4వ పాఠం: మణికట్టు దగ్గర ఆగిపోకండి

ఈసారి నేరుగా వంశపారంపర్య నరాల జబ్బుల్లోకి వెళ్లాలి. కానీ పోయిన పాఠం అభ్యాసానికి మీరు పంపిన కొలతలు చూశాక ముందు వాటి సంగతి తేల్చక తప్పదు. ఏ జబ్బూ లేనివాళ్లకు ముంజేతి మధ్యలో మీడియన్ నర్వ్ (చేతి మధ్యగా అరచేతిలోకి దిగే నరం) అడ్డుకోత వైశాల్యం 10, 11, 12 చదరపు మిల్లీమీటర్లు వచ్చిందని రాశారు. అక్కడ మామూలుగా ఉండేది 6, 7.

తప్పు గీతలో ఉంది. నరం చుట్టూ తెల్లగా మెరిసే అంచు ఎపిన్యూరియం. వైశాల్యం కొలవడానికి స్క్రీన్ మీద గీసే ట్రేస్ గీత దాని లోపలి ఒడ్డు వెంట పోవాలి. చాలామంది ఆ తెలుపును కూడా కలుపుకొని బయటినుంచి గీశారు. వెంట్రుకవాసి తేడాకు ఏమవుతుందిలే అనుకోకండి, లెక్క వేసి చూడండి. 7 చ.మి.మీ. ఉన్న గుండ్రటి నరం వ్యాసార్ధం సుమారు 1.5 మి.మీ. గీత చుట్టూరా 0.3 మి.మీ. బయటికి జరిగితే అది 1.8 అవుతుంది, వైశాల్యం 10కి చేరుతుంది. నరం పెరగలేదు, గీత పెరిగింది.

దీనికి ప్రోబ్ (చర్మం మీద ఆనించే పరికరం) వాలు తోడవుతుంది. బెండకాయను ఏటవాలుగా కోస్తే ముక్క కోలగా, పెద్దగా వస్తుంది కదా, ఇదీ అంతే. 30 డిగ్రీలు వాలితే 7 కాస్తా 8 దాటుతుంది, 45 అయితే దాదాపు 10. అందుకే ప్రోబ్‌ను ఉన్నచోటే ముందుకూ వెనక్కూ మెల్లగా ఆడించండి. అంచు బాగా మెరిసి, కోత అన్నిటికన్నా చిన్నగా కనిపించే చోట ఫ్రీజ్ చేయండి. జూమ్ చేశాకే గీయండి. కోలాకారాన్ని తానే గీసే ఎలిప్స్ బటన్ నేను వాడను, మీరూ వాడకండి. ముంజేతిలో నరం ఎప్పుడూ చక్కటి కోడిగుడ్డు ఆకారంలో ఉండదు. జెల్ ధారాళంగా వేయండి. పక్కనున్న సిర అణిగిపోయిందంటే మీరు ఎక్కువ నొక్కుతున్నట్టే.

ఇక అసలు పాఠం. వంశపారంపర్య జబ్బుల్లో రెండు చూద్దాం: సీఎంటీ1ఏ (షార్కో-మరీ-టూత్ జబ్బులో ఒక రకం), హెచ్ఎన్‌పీపీ (ఒత్తిడికి నరాలు తేలిగ్గా దెబ్బతినే జబ్బు). సీఎంటీ1ఏలో 17వ క్రోమోజోమ్ మీద పీఎంపీ22 (నరాల తొడుగులోని ఒక ప్రోటీన్) జన్యువున్న ముక్క ఒకటి ఎక్కువగా ఉంటుంది. హెచ్ఎన్‌పీపీలో అదే ముక్క ఒకటి తక్కువ. మొదటిది 1991లో, రెండోది 1993లో బయటపడ్డాయి. స్క్రీన్ మీద రెండూ వేరువేరుగా కనిపిస్తాయి. సీఎంటీ1ఏలో మణికట్టు నుంచి చంకదాకా నరం మొత్తం లావుగా, రెండు చేతుల్లోనూ ఒకేలా ఉంటుంది. లోపలి ఫాసికిళ్లు (నరపు పోగుల కట్టలు) కూడా ఉబ్బి ఉంటాయి. ముంజేతిలోనే 20 దాటడం అరుదు కాదు. హెచ్ఎన్‌పీపీలో నరం నొక్కుకుపోయే చోట్లలోనే వాపు: మీడియన్ మణికట్టు దగ్గర, అల్నార్ (చిటికెన వేలి వైపు పోయే నరం) మోచేతి దగ్గర, ఫిబులార్ (కాలి నరం) మోకాలి కింద ఎముక తల దగ్గర. మధ్యలో నరం మామూలుగానో, కాస్త లావుగానో ఉంటుంది.

మణికట్టు దగ్గర 18 వచ్చిందనుకోండి. ముంజేతిలో 22 ఉంటే సీఎంటీ1ఏ వైపు చూడండి. ముంజేతిలో 8 ఉంటే అది మామూలు కార్పల్ టనెల్ (మణికట్టులో మీడియన్ నొక్కుకుపోవడం) కావచ్చు, హెచ్ఎన్‌పీపీ కావచ్చు. అప్పుడు తిమ్మిరి లేకపోయినా మోచేయి, మోకాలు చూడాల్సిందే. అక్కడా వాపుంటే జన్యు పరీక్షకు రాయండి. మణికట్టు కొలతను ముంజేతి కొలతతో భాగించి 1.4 దాటితే కార్పల్ టనెల్ అనే సూత్రం సీఎంటీ1ఏలో పనిచేయదు, రెండు చోట్లా లావే కాబట్టి.

నరం ఒకచోట లావు, ఇంకోచోట సన్నం, కుడి ఎడమలకు పొంతన లేదు అంటే సీఐడీపీని (రోగనిరోధక శక్తి నరాల తొడుగు మీదే దాడిచేసే దీర్ఘకాలిక జబ్బు) మరిచిపోకండి. మన ప్రాంతంలో కుష్ఠు కూడా. మోచేతికి కొన్ని సెంటీమీటర్ల పైన అల్నార్ ఒకవైపే ఉబ్బి, డాప్లర్ (రక్తప్రవాహాన్ని రంగుల్లో చూపేది) పెట్టినప్పుడు నరం లోపల రంగు మెరిస్తే చర్మంమీద స్పర్శలేని మచ్చలు వెతకండి.

అభ్యాసం: ఆరోగ్యంగా ఉన్న ఐదుగురు, రెండు చేతులు. మీడియన్‌ను మణికట్టు, ముంజేయి మధ్య, పైచేయి మధ్య కొలవండి, అల్నార్‌ను మోచేతి దగ్గర. ప్రతిచోటా మూడుసార్లు, ప్రతిసారీ ప్రోబ్ ఎత్తి మళ్లీ పెట్టి. మొత్తం 120 కొలతలు. ఒకేచోట తీసిన మూడింటిలో 1 చ.మి.మీ.కి మించి తేడా ఉంటే ఆ మూడూ కొట్టేసి మళ్లీ తీయండి. ఫ్రీజ్ చేసిన బొమ్మలు గీతతో సహా పంపండి. అంకె ఒక్కటే పంపితే తప్పెక్కడుందో నాకు తెలియదు.